మొదట కనబడిందే చివరి చార్ట్: కొత్తవాళ్ల కోసం డేటా టూల్ కట్టడంలో అసలు పని

2011 లెక్కల ప్రకారం హైదరాబాద్ జిల్లా జనాభా 39,43,323. ఈ సంఖ్యను కామాలతో సహా బ్రౌజర్లలో నడిచే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌లో, పాఠ్యాన్ని సంఖ్యగా మార్చే పార్స్‌ఫ్లోట్ అనే ఫంక్షన్‌కి ఇచ్చి చూడండి. మొదటి కామా దగ్గర ఆగిపోయి, మిగతాది వదిలేసి, 39 అని తిరిగిస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు. రంగారెడ్డి 52,96,741 కాబట్టి 52 అవుతుంది, మహబూబ్‌నగర్ 40 అవుతుంది. వీటితో బార్ చార్ట్ గీస్తే చూడటానికి బాగానే ఉంటుంది, ఎందుకంటే అన్నీ లక్షల్లోనే ఉన్నాయి. అదే ఫైల్లో 95,000 జనాభా ఉన్న చిన్న పట్టణం ఒకటి చేరిందనుకోండి. దాని బార్ 95 దాకా లేచి రంగారెడ్డిని, హైదరాబాద్‌ని దాటేస్తుంది.

ప్రోగ్రామర్ దీన్ని చూడగానే పట్టేస్తాడు. మొదటిసారి చార్ట్ గీస్తున్న స్కూల్ టీచర్, గ్రామ సచివాలయం ఉద్యోగి, మండల విలేకరి పట్టుకోవడం కష్టం. కంప్యూటర్ గీసింది కదా, సరిగ్గానే ఉంటుందనుకుంటారు. డౌన్‌లోడ్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తారు.

బ్రౌజర్‌లో తెరిచి, డేటా పెట్టి, అటూ ఇటూ మార్చుకుంటూ చార్టులు గీసుకునే టూల్స్ ఇప్పుడు చాలా ఉన్నాయి. కొత్తగా కట్టాలనుకునేవాళ్లూ తక్కువేం కాదు, కాలేజీ ప్రాజెక్టుల్లో ఇదొక ఇష్టమైన టాపిక్. వాటిలో ఎక్కువ శ్రమ ఎన్ని రకాల చార్టులు ఇచ్చాం, ఎన్ని సెట్టింగులు ఇచ్చాం అన్నదాని మీదే పోతోంది. కొత్తవాళ్లు సెట్టింగుల జోలికి పోరు. టూల్ మొదట ఏం చూపిస్తే చాలామందికి అదే చివరి చార్ట్. కాబట్టి డిఫాల్ట్‌గా, అంటే మనిషి ఏమీ మార్చకపోతే, ఏం జరుగుతుంది, జరిగింది మనిషికి కనబడుతుందా, నచ్చకపోతే వెనక్కి తిప్పుకోగలరా అన్న మూడు ప్రశ్నల దగ్గరే డిజైన్ పని మొదలుపెట్టాలి.

కష్టం ఎక్కడుంది

కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయానికి చెందిన లార్స్ గ్రామెల్, మెలనీ టోరీ, మార్గరెట్ యాన్ స్టోరీ 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. చార్టులతో పెద్దగా పరిచయం లేని విద్యార్థులకు అమ్మకాల డేటా ఇచ్చి, అందులో ఏముందో చూడమన్నారు. మౌస్ మాత్రం వాళ్ల చేతికివ్వలేదు. మధ్యలో ఒక మనిషిని పెట్టారు. ఏం కావాలో విద్యార్థులు నోటితో చెబితే, ఆ మనిషి టాబ్లో అనే సాఫ్ట్‌వేర్‌లో గీసి చూపిస్తారు. బటన్ ఎక్కడుందో తెలియక తికమకపడే సమస్యను అలా మొత్తంగా తీసేశారన్నమాట.

అయినా విద్యార్థులు మూడు చోట్ల చిక్కుకున్నారు. మనసులో ఉన్న ప్రశ్నకు ఏ కాలమ్ తీసుకోవాలో తేల్చుకోవడం దగ్గర మొదటిసారి. ఏ కాలమ్‌ని నిలువు అక్షం మీద పెట్టాలి, దేన్ని రంగుగా చూపాలి అన్నదాని దగ్గర రెండోసారి. తీరా వచ్చిన చార్ట్ ఏం చెబుతోందో చదువుకోవడం దగ్గర మూడోసారి.

మన దగ్గరి ఉదాహరణ తీసుకుంటే మొదటి చిక్కు తేలిగ్గా తెలుస్తుంది. "ఏ జిల్లాలో ఆడవాళ్లు చదువులో వెనకబడి ఉన్నారు?" అని ఒకరు అడిగారు. వినడానికి సూటి ప్రశ్న. టేబుల్‌లో మాత్రం మగవాళ్ల అక్షరాస్యత ఒక కాలమ్, ఆడవాళ్ల అక్షరాస్యత ఒక కాలమ్, మొత్తం ఒక కాలమ్ ఉంటాయి. వెనకబడటం అంటే ఆడవాళ్ల శాతం తక్కువగా ఉండటమా? మగవాళ్లకీ వాళ్లకీ మధ్య తేడా ఎక్కువగా ఉండటమా? రెండో అర్థంలో అయితే కావలసిన కాలమ్ టేబుల్‌లోనే లేదు, ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి తయారుచేసుకోవాలి. ఈ చోట ఆగిపోయిన మనిషికి నలభై రకాల చార్టుల మెనూ ఇచ్చి ఏం లాభం?

అదే అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది. విద్యార్థులు ఎప్పుడూ సగం సగమే చెప్పేవాళ్లు. మిగతా సగం మధ్యలో ఉన్న మనిషి పూరించుకోవలసి వచ్చేది. చార్ట్ రకం అడిగినా తమకు ముందే తెలిసిన బార్, లైన్, పై చార్టుల వైపే మొగ్గేవాళ్లు. టూల్ కట్టేవాళ్లకు ఇక్కడో పెద్ద సూచన ఉంది: చెప్పని సగాన్ని టూల్ ఎలాగూ పూరిస్తుంది, ఏం పూరించిందో పైకి చెప్పాలి. "సగటు తీసుకున్నాను", "ఖాళీగా ఉన్న 3 గడులు వదిలేశాను" అని చార్ట్ పక్కనే మామూలు మాటల్లో ఒక వాక్యం ఉంటే చాలు. ఈ పని చేసే టూల్స్ చాలా తక్కువ.

ఫైల్ లోపలికి వచ్చే గుమ్మం

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టవలసిన చోటు ఇది. అన్నిటికన్నా తక్కువ పెట్టేదీ ఇక్కడే. డెమోల్లో వాడే ఫైల్ ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది, అసలు సమస్య అది. మన ప్రభుత్వ శాఖల ఎక్సెల్ షీట్ ఒకటి తెరిస్తే వేరే లోకం కనబడుతుంది. పైన మూడు వరుసల్లో శాఖ పేరు, తేదీ, కలిపేసిన గడుల్లో హెడ్డింగ్. కింద "మొత్తం" అని ఒక వరుస. మధ్యలో డేటా లేనిచోట ఒకసారి ఖాళీ, ఒకసారి గీత, ఒకసారి సున్నా.

ఆ "మొత్తం" వరుసను టూల్ ఇంకో జిల్లా అనుకుంటే ఏమవుతుందో ఊహించండి. ఒక బార్ పైకప్పు దాకా, మిగతావన్నీ నేల మీద. కొత్తవాళ్లు దీన్ని చూసి డేటాలోనే ఏదో తేడా ఉందనుకుంటారు. ఒక వరుస విలువ మిగతా వరుసలన్నిటి కూడికకు సమానమైతే "ఇది మొత్తంలా ఉంది, చార్ట్‌లోంచి తీసేయనా?" అని అడగడం పది లైన్ల కోడ్ పని.

తేదీల సంగతి ఇంకా ప్రమాదం. 04/10/2024 అంటే మనకు అక్టోబర్ 4. జావాస్క్రిప్ట్‌కి అలాగే ఇస్తే అమెరికా పద్ధతిలో ఏప్రిల్ 10 అనుకుంటుంది. 13/10/2024 ఇస్తే పదమూడో నెల లేదు కాబట్టి చెల్లని తేదీ అంటుంది. ఫలితంగా ప్రతి నెలలో 12వ తేదీ వరకు ఉన్న వరుసలు వేరే నెలలకు ఎగిరిపోతాయి, తర్వాతివి మాయమవుతాయి. లైన్ చార్ట్ మాత్రం నిక్షేపంగా గీసుకుంటుంది. కాలమ్ మొత్తాన్ని ఒకసారి చూసి, ఎక్కడైనా మొదటి అంకె 12 దాటిందంటే అది రోజు అని తేల్చుకోవచ్చు. ఎక్కడా దాటకపోతే ఊహించకూడదు, అడగాలి.

డిఫాల్ట్‌కి ఎంత బలం ఉంటుందో చెప్పడానికి జన్యువుల కథ ఒకటి చాలు. మనిషి జన్యువుల్లో కొన్నిటికి మార్చ్1, సెప్ట్2 లాంటి పొట్టి పేర్లుండేవి. ఎక్సెల్‌లో పెట్టగానే అవి మార్చి 1, సెప్టెంబర్ 2 అయిపోయేవి. ఏళ్లతరబడి పరిశోధనా పత్రాలతో వచ్చిన ఫైళ్లలో ఈ తప్పులు దొర్లాయి. చివరికి 2020లో జన్యువులకు పేర్లు పెట్టే కమిటీయే దిగివచ్చి ఆ పేర్లు మార్చేసింది. అలా తనంతట తాను మార్చకుండా ఆపే సెట్టింగ్‌ని మైక్రోసాఫ్ట్ ఇచ్చింది 2023లో. శాస్త్రవేత్తల గతే అదైతే మండల విలేకరి సంగతి చెప్పాలా?

ఈ గుమ్మం దగ్గర బాగా పనిచేసిన టూల్ అంటే నాకు గుర్తొచ్చేది డేటార్యాపర్. 2012లో జర్మనీలో జర్నలిస్టులకు శిక్షణనిచ్చే సంస్థ చొరవతో మొదలైంది. కోడ్ రాని విలేకరి గడువులోపల చార్ట్ గీసుకోవాలన్నది దాని లక్ష్యం. డేటా పెట్టు, సరిచూసుకో, గీయి, ప్రచురించు అని నాలుగే మెట్లు. రెండో మెట్టును దాచకుండా విడిగా ఒక పేజీగా పెట్టడం నాకు నచ్చిన సంగతి. టూల్ నీ టేబుల్‌ని ఎలా అర్థం చేసుకుందో అక్కడ రంగుల్లో కనబడుతుంది: సంఖ్యలు నీలం, తేదీలు ఆకుపచ్చ, మాటలు నలుపు, పొసగని గడులు ఎరుపు. జనాభా కాలమ్ నీలంగా లేదంటే ఎక్కడో తేడా వచ్చిందని చార్ట్ గీయకముందే తెలిసిపోతుంది. సంఖ్య, తేదీ, పాఠ్యం అనే తేడాలు తెలియని మనిషి కూడా ఎర్రగా ఉన్న గడి దగ్గర ఆగుతాడు.

టేబుల్ ఆకారం దగ్గర ఇంకో తంటా ఉంది. మామూలు మనుషులు 2001 ఒక కాలమ్, 2011 ఒక కాలమ్ అని అడ్డంగా పేర్చుకుంటారు. ప్రోగ్రామ్‌లకు చాలాసార్లు సంవత్సరం ఒకే కాలమ్‌లో, విలువ ఇంకో కాలమ్‌లో, నిలువుగా కావాలి. ఇటలీలోని మిలాన్ పాలిటెక్నిక్ ల్యాబ్‌లో 2013లో పుట్టిన రాగ్రాఫ్స్ అనే టూల్ ఈ మార్పిడిని పేజీలోనే చేసుకునే వీలిచ్చింది. ముందు ఎక్సెల్‌లో తిప్పి తీసుకురమ్మని మనిషిని వెనక్కి పంపితే సగంమంది తిరిగి రారు.

ఇక మ్యాప్ గీయాలంటే ఊళ్ల పేర్లు, జిల్లాల పేర్లు సరిపోల్చాలి. మన రెండు రాష్ట్రాల్లో ఇది మామూలు తలనొప్పి కాదు. 2016 అక్టోబర్ 11న తెలంగాణ 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్ 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. వరంగల్ అర్బన్, రూరల్ అని కొన్నేళ్లు ఉండి 2021లో హనుమకొండ, వరంగల్ అయ్యాయి. ఒకే జిల్లా ఒక ఫైల్లో కడప, ఇంకోదాంట్లో వైఎస్సార్, వేరేదాంట్లో వైఎస్సార్ కడప.

పేరు కలవకపోతే కనీసం మ్యాప్‌లో ఆ జిల్లా తెల్లగా మిగిలి, ఏదో తప్పిందని తెలుస్తుంది. పేరు కలిసినప్పుడే అసలు మోసం. 2011 అక్షరాస్యత టేబుల్‌ని 33 జిల్లాల మ్యాప్ మీద పెట్టండి. పాత మహబూబ్‌నగర్ అంకె తీసుకెళ్లి కొత్త మహబూబ్‌నగర్‌కి పూసేస్తుంది. పాత జిల్లాలోంచి విడిపోయిన వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల, నారాయణపేట ఖాళీగా ఉంటాయి. కొత్త మహబూబ్‌నగర్‌కి పూసిన రంగు ఆ జిల్లాది కానే కాదు. అందుకే మ్యాప్ ఎంచుకునేచోట "2016కి ముందు", "2016 తర్వాత", "2019 తర్వాత" అని ఏళ్లవారీగా ఇవ్వాలి. టేబుల్‌లో సరిగ్గా 10 పేర్లుంటే పాత మ్యాప్‌ని టూలే ముందుకు తేవాలి.

ఏ చార్ట్, ఎవరు తేల్చాలి

వెబ్‌లో చార్ట్ గీసే దారులు ఇప్పుడు ముఖ్యంగా మూడు. డేటార్యాపర్, ఫ్లరిష్ లాంటివి అచ్చు తయారుగా ఇస్తాయి, మనం డేటా పోయాలి. వేగా-లైట్, టాబ్లో లాంటివి వ్యాకరణం ఇస్తాయి: ఈ కాలమ్ అడ్డంగా, ఆ కాలమ్ నిలువుగా, ఇంకోటి రంగుగా అని చెబితే చార్ట్ పుడుతుంది. లీలాండ్ విల్కిన్సన్ 1999లో వివరంగా రాసిన ఆలోచన దీని వెనక ఉంది. మూడోది డి3. 2011లో స్టాన్‌ఫర్డ్ నుంచి మైక్ బోస్టాక్, వాడిమ్ ఒగియెవెట్స్కీ, జెఫ్రీ హీర్ తెచ్చిన జావాస్క్రిప్ట్ లైబ్రరీ, అంటే వేరేవాళ్లు వాడుకోవడానికి రాసిపెట్టిన కోడ్. ఇందులో చార్ట్ అనే వస్తువే లేదు, గీతలు, దీర్ఘచతురస్రాలు, స్కేళ్లు మాత్రమే ఉంటాయి. మొదటిది హోటల్లో ఫుల్ మీల్స్, రెండోది కర్రీ పాయింట్‌లో ఏరుకోవడం, మూడోది పొయ్యి వెలిగించుకోవడం.

కొత్తవాళ్లకు మొదటిదే సరి అని చాలామంది అంటారు. నాకు సగమే ఒప్పుదల. అచ్చులో మొదటి చార్ట్ తొందరగా వస్తుంది నిజమే, కానీ ఎందుకు అలా వచ్చిందో తెలియదు. బార్ నుంచి లైన్‌కి మారితే మొత్తం మళ్లీ మొదలుపెట్టినట్టుంటుంది. నాకు నచ్చేది రెండూ కలిసిన పద్ధతి. చార్ట్ తయారుగా రావాలి, దాని పక్కన "అడ్డం: అక్షరాస్యత, నిలువు: జిల్లా, రంగు: ఏమీ లేదు" అని మూడు పెట్టెలు కనబడాలి. పెట్టెలోంచి కాలమ్‌ని లాగి వేరేచోట వదిలితే చార్ట్ వెంటనే మారాలి. నాలుగైదుసార్లు అలా మార్చాక మనిషికి వ్యాకరణం దానంతటదే పడుతుంది, ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

మొదట ఏ చార్ట్ చూపించాలో తేల్చడానికి పాత పరిశోధన అండగా ఉంది. బెల్ ల్యాబ్స్‌లో విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ 1984లో ప్రచురించిన ప్రయోగాల సారం ఇది: ఒకే స్కేలు మీద ఉన్న స్థానాలను మన కన్ను బాగా పోల్చగలదు, పొడవులను దాని తర్వాత, కోణాలను ఇంకా తక్కువగా, వైశాల్యాలను, రంగు గాఢతను ఇంకా కష్టంగా. పై చార్ట్‌లో 24 శాతం ముక్కనీ 27 శాతం ముక్కనీ పక్కపక్కన పెట్టి ఏది పెద్దదని అడిగితే తడబడతాం. అవే బార్‌లైతే చిన్నపిల్లాడూ చెబుతాడు. ఇలాంటి నియమాలతో చార్ట్‌ని కంప్యూటరే ఎంచగలదని జాక్ మెకిన్లే 1986లోనే చూపించారు.

తెలుగు పేర్లున్న టేబుల్‌కి నా ఓటు పడుకున్న బార్‌లకే. నిలువు బార్‌ల కింద "జయశంకర్ భూపాలపల్లి", "శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు" పట్టవు. టూల్ వాటిని 45 డిగ్రీలు వంచుతుంది, మెడ వంచి చదవాలి. బ్రౌజర్‌లో గీతలు, ఆకారాలుగా బొమ్మ గీసే ఎస్‌వీజీ పద్ధతిలో రాసిన పాఠ్యం తనంతట తాను రెండో లైన్‌లోకి దిగదు కూడా. వరుసల మధ్య ఎడం ఇంగ్లిష్ అక్షరాలకు తగ్గట్టు పెడితే మన వత్తులు కింది లైన్‌లో గుచ్చుకుంటాయి లేదా తెగిపోతాయి. పేర్లు ఎడమపక్క వరుసగా ఉండి, బార్‌లు కుడికి సాగితే ఈ గొడవ చాలావరకు పోతుంది. క్రమం కూడా అక్షరమాల ప్రకారం కాకుండా పెద్దదాని నుంచి చిన్నదానికి ఉండాలి. ఇక్కడ మళ్లీ ఒక గుంట: జావాస్క్రిప్ట్‌లో సార్ట్ అని ఊరికే పిలిస్తే సంఖ్యలను మాటల్లా చూసి 100ని 20కి ముందు పెడుతుంది.

సంఖ్యల రాత గురించి ఒక మాట. డి3లో పొట్టి రూపం అడిగితే 40 లక్షలకు 4ఎమ్ అని, వంద కోట్లకు 1జీ అని వస్తుంది. ఆ జీ గిగాది, మనవాళ్లు నెట్ ప్యాక్ అనుకుంటారు. లక్షలు, కోట్ల చొప్పున కామాలు పెట్టే ఏర్పాటు బ్రౌజర్‌లోనే ఉంది, డి3లోనూ ఉంది. మన దేశపు పద్ధతి కావాలని చెప్పడమే తరువాయి. ఎవరూ చెప్పరు.

83, 55

2011లో హైదరాబాద్ జిల్లా అక్షరాస్యత సుమారు 83 శాతం, మహబూబ్‌నగర్‌ది 55. మొదటిది రెండోదానికి ఒకటిన్నర రెట్లు. బార్ చార్ట్‌ని సున్నా నుంచి మొదలుపెడితే పొడవులూ అదే చెబుతాయి. అక్షాన్ని 50 దగ్గర మొదలుపెట్టండి. హైదరాబాద్ బార్ 33 యూనిట్లు, మహబూబ్‌నగర్ బార్ 5 యూనిట్లు. దాదాపు ఏడు రెట్ల తేడా కనబడుతుంది. అంకెలు మారలేదు, ఎవరూ అబద్ధం రాయలేదు.

ఈ తప్పు తెలిసి చేసేవాళ్లు కొందరే. ఎక్కువమందికి ఇది కోడ్‌లోంచి దానంతటదే వస్తుంది. డి3 నేర్చుకునేవాళ్లు స్కేలుకి హద్దులు పెట్టేటప్పుడు డేటాలో కనిష్ఠం, గరిష్ఠం ఇచ్చే ఎక్స్‌టెంట్ అనే ఫంక్షన్‌ని వాడేస్తుంటారు. చుక్కల చార్ట్‌కి అది సరే. బార్‌కి వాడితే కనిష్ఠం దగ్గరే అక్షం మొదలవుతుంది, కాబట్టి మహబూబ్‌నగర్ బార్ పొడవు సున్నా. 55 శాతం మంది చదువుకున్న జిల్లాలో ఒక్కరికీ అక్షరం ముక్క రానట్టు కనబడుతుంది. వేగా-లైట్‌లో బార్ అని చెబితే సున్నా నుంచే మొదలవుతుంది, మార్చాలంటే పని కట్టుకుని మార్చాలి. డిఫాల్ట్ అంటే అలా ఉండాలి. లైన్ చార్ట్‌కి ఈ నియమం అక్కర్లేదు. రోజువారీ ఉష్ణోగ్రతలను సున్నా నుంచి గీస్తే ఎండాకాలమంతా ఒక చదునైన గీతలా ఉంటుంది. చార్ట్ రకాన్ని బట్టి నియమం మారాలి, ఆ మార్పు టూల్‌కి తెలిసుండాలి.

మ్యాప్‌లో మోసం వైశాల్యం దగ్గర ఉంది. పాత ఆదిలాబాద్ జిల్లా 16 వేల చదరపు కిలోమీటర్లకు పైనే, హైదరాబాద్ జిల్లా 217. జనాభా చూస్తే 2011లో ఆదిలాబాద్‌లో 27 లక్షలు, హైదరాబాద్‌లో 39 లక్షలు. జనాభాని రంగుల్లో చూపిస్తే ఎక్కువమంది ఉన్న జిల్లా ఒక చుక్క, తక్కువమంది ఉన్నది తల మీద గొడుగు. కొత్తవాళ్లు జిల్లా పేర్లు చూడగానే మ్యాపే కావాలంటారు, టూల్ కూడా పేర్లు గుర్తుపట్టగానే మ్యాప్‌ని ముందుకు తోస్తుంది. తలల లెక్కకు మ్యాప్ మీద వలయాలు, శాతాలకు రంగులు అన్నది డిఫాల్ట్ కావాలి. మ్యాప్ పక్కనే అవే అంకెల బార్ చార్ట్ కూడా ఉంచితే ఇంకా మేలు.

రంగుల విషయంలో డిఫాల్ట్ ఎంత దూరం పోతుందో చెప్పడానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడేవాళ్లకు తెలిసిన ఉదాహరణ ఉంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే లైబ్రరీలో ఏళ్లపాటు జెట్ అనే ఇంద్రధనుస్సు రంగుల వరుస డిఫాల్ట్‌గా ఉండేది. నీలం నుంచి పసుపు మీదుగా ఎరుపుకి. అందులో వెలుగు సమంగా పెరగదు, పసుపు దగ్గర ఎగిరి మళ్లీ పడుతుంది. డేటాలో లేని అంచులు కంటికి కనబడతాయి, బ్లాక్ అండ్ వైట్‌లో ప్రింట్ తీస్తే రెండు కొసలూ ఒకేలా ఉంటాయి. అది బాగోలేదని నిపుణులు మొత్తుకున్నా పరిశోధనా పత్రాల నిండా అదే. 2017లో వచ్చిన 2.0 వెర్షన్‌లో డిఫాల్ట్‌ని విరిడిస్‌కి మార్చారు. ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండానే ఊదా నుంచి ఆకుపచ్చ మీదుగా పసుపుకి పోయే చిత్రాలు ఎక్కడ చూసినా కనబడటం మొదలైంది.

మన దగ్గర రంగులకు ఇంకో గొడవ. పసుపు, గులాబీ, కాషాయం, నీలం పక్కపక్కన పెట్టి జిల్లాల మ్యాప్ గీయండి, అది అక్షరాస్యతదైనా వర్షపాతందైనా ఎన్నికల ఫలితం అనుకుని కింద కామెంట్లలో కొట్టుకుంటారు. ఒకే రంగు లేత నుంచి ముదురుకి పోయే వరుసే క్షేమం.

వేలు పెట్టి కదిపేది

ఇంటరాక్టివ్ అనే మాటలో ఇద్దరు మనుషులున్నారు. చార్ట్ తయారుచేసేవాళ్లు, చార్ట్ చూసేవాళ్లు. ఇద్దరికీ కావలసింది ఒకటి కాదు.

చూసేవాళ్లకు ముందు మొత్తం చూపించు, తర్వాత దగ్గరికి తెచ్చుకోనివ్వు, వివరం అడిగితే ఇవ్వు అని కంప్యూటర్ శాస్త్రవేత్త బెన్ ష్నైడర్‌మన్ 1996లో చెప్పిన సూత్రం ఈ రంగంలో అందరికీ కంఠతా వచ్చు. అయితే ఫోన్లో చూసే సాధారణ పాఠకుడు వివరం అడగడు, స్క్రోల్ చేసుకుంటూ పోతాడు. న్యూయార్క్ టైమ్స్ గ్రాఫిక్స్ విభాగంలోని ఆర్చీ త్సే 2016లో ఇదే మాట బహిరంగంగా అన్నారు: మౌస్ పెడితే తేలే పెట్టెలో ఏదైనా రాశావంటే దాన్ని ఎవరూ చూడరనే అనుకో అని. పైగా ఫోన్లో మౌస్ అనేదే లేదు. ముఖ్యమైన అంకెలను బార్ చివరనే రాసేయాలి. తేలే పెట్టెలో రెండో వరుస సమాచారం మాత్రమే పెట్టాలి.

యానిమేషన్ మీద మోజు కూడా కొంచెం తగ్గించుకోవచ్చు. 2006లో స్వీడన్ ప్రజారోగ్య నిపుణుడు హన్స్ రోస్లింగ్ వేదిక మీద దేశాల బుడగలను కదిలించి చూపించాక అందరికీ బుడగలే కావలసి వచ్చాయి. 2008లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు పరీక్షించి చూస్తే, మనుషులకు యానిమేషన్ సరదాగానే ఉంది, సొంతంగా విశ్లేషించుకోవలసి వచ్చినప్పుడు మాత్రం పక్కపక్కన పేర్చిన చిన్న చార్టులే వేగంగా, తక్కువ తప్పులతో పనిచేశాయి. రోస్లింగ్ ప్రదర్శనలో బుడగలను నడిపింది సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు, ఎటు చూడాలో ఆయన నోటితో చెబుతూనే ఉన్నారు.

తయారుచేసేవాళ్లకు కదలిక వేరే కారణానికి కావాలి. ఏం మారిస్తే ఏమవుతుందో వెంటనే కనబడాలి, సెకనులో పదో వంతు దాటితే చేతికీ చార్ట్‌కీ మధ్య లంకె తెగుతుంది. అన్డూ బటన్ పెద్దదిగా, ఎప్పుడూ కనబడేచోట ఉండాలి. పాడైపోతుందన్న టెన్షన్ లేకపోతేనే మనిషి నొక్కి చూస్తాడు, నొక్కి చూస్తేనే నేర్చుకుంటాడు. "నెక్స్ట్, నెక్స్ట్" అని నడిపించే స్వాగత టూర్లు నాకు అస్సలు నచ్చవు. దాని బదులు పేజీ తెరవగానే నమూనా డేటాతో గీసిన చార్ట్ ఒకటి సిద్ధంగా ఉండి, దాన్నే పాడుచేసుకునే వీలుంటే మేలు. అమెరికాలోని కాంకర్డ్ కన్సార్షియం విద్యార్థుల కోసం తెచ్చిన కోడాప్‌లో టేబుల్లోని ఒక్కో వరుస ఒక్కో చుక్క అవుతుంది. ఒక కాలమ్‌ని అక్షం మీదికి లాగితే చుక్కలన్నీ కదిలి తమ చోటికి వెళ్లి కూర్చుంటాయి. ఆ చుక్కల్లో ఒకటి తన వరుసేనని పిల్లాడికి తెలుస్తుంది. ఇలాంటి చోట యానిమేషన్‌కి పని ఉంది.

వేగం గురించి మాట్లాడితే, పది జిల్లాలకు ఎస్‌వీజీ హాయిగా సరిపోతుంది. తెలంగాణలో 12 వేలకు పైగా ఉన్న గ్రామ పంచాయతీలను ఒక్కో ఎస్‌వీజీ ముక్కగా గీస్తే చవక ఫోన్ మొరాయిస్తుంది. అక్కడ బొమ్మనంతా ఒకే చిత్రంగా గీసే కాన్వాస్‌కి మారాలి, సరిహద్దుల్లో వంపులు తగ్గించుకోవాలి.

డేటా ఎక్కడికి పోతోంది

కొత్తవాళ్లు అప్‌లోడ్ చేసే ఫైల్లో పిల్లల పేర్లు, మార్కులు, ఫోన్ నంబర్లు ఉంటాయి. ఆ కాలమ్ తీసేయాలని వాళ్లకు తట్టదు. రాగ్రాఫ్స్ టేబుల్‌ని సర్వర్‌కి పంపదు, బ్రౌజర్‌లోనే గీస్తుంది. చిన్న టేబుళ్లకు అంతకుమించి అక్కర్లేదు, సర్వర్ ఖర్చు కూడా మిగులుతుంది. కట్టేవాళ్లు లాగిన్ పేజీతో మొదలుపెట్టే అలవాటు మానుకుంటే ఇదంతా తేలికవుతుంది.

కంపెనీ మూసేస్తే చార్టులేమవుతాయన్నది కూడా ముందే ఆలోచించాలి. ఫెర్నాండా వియెగాస్, మార్టిన్ వాటెన్‌బర్గ్ 2007లో ఐబీఎమ్‌లో మొదలుపెట్టిన మెనీ ఐస్ ఈ తరహా టూల్స్‌కి పెద్దన్న. ఎవరైనా డేటా పెట్టి, చార్ట్ గీసి, దాని కింద చర్చించుకునే చోటు. 2015లో మూసేశారు. గూగుల్ ఫ్యూజన్ టేబుల్స్ 2009లో వచ్చి 2019 డిసెంబర్‌లో పోయింది, దాంతో గీసి వార్తల్లో అతికించిన మ్యాపులు ఖాళీ పెట్టెలయ్యాయి. అందుకని బొమ్మ, డేటా, సెట్టింగులు మూడూ ఒకే ఫైల్లో మనిషి తన కంప్యూటర్‌లో దాచుకునే వీలుండాలి, అదీ మొదటి రోజు నుంచే.

ఈమధ్య ప్రశ్న టైప్ చేస్తే ఏఐ చార్ట్ గీసిచ్చే టూల్స్ వచ్చాయి. విద్యార్థులు చిక్కుకున్న ఆ మూడు చోట్లలో మొదటి రెండిటినీ అవి బాగానే దాటిస్తాయి. కానీ "ఆడవాళ్లు వెనకబడిన జిల్లా" అంటే శాతం తీసుకుందా, తేడా తీసుకుందా అన్నది లోపలే తేల్చేసుకుని అందమైన చార్ట్ చేతిలో పెడతాయి. చెప్పని సగాన్ని పూరించి, పూరించిన సంగతి చెప్పకపోవడం అనే పాత జబ్బే ఇది, ఇప్పుడు ఇంకా నున్నగా ఉంది.

టూల్ తయారయ్యాక పరీక్షించడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఐదు చెడ్డ ఫైళ్లు చేసి పెట్టుకోండి. ఒకదాంట్లో లక్షల కామాలు, ఒకదాంట్లో 04/10 తరహా తేదీలు, ఒకదాంట్లో కలిపేసిన హెడ్డింగ్ గడులు, ఒకదాంట్లో కింద "మొత్తం" వరుస, ఒకదాంట్లో పాత జిల్లాల పేర్లు. చార్టులు ఎప్పుడూ గీయని ముగ్గురు నలుగురిని పిలిచి తలా ఒకటి ఇవ్వండి, పక్కన కూర్చుని నోరు మూసుకోండి. టూల్ బాగుందా అని అడగకండి, మొహమాటానికి బాగుందనే అంటారు. గీసిన చార్ట్ చూపించి, ఇది ఏం చెబుతోందో ఒక్క వాక్యంలో చెప్పమనండి. వాళ్లు చెప్పిన వాక్యాన్ని టేబుల్‌తో సరిచూడండి. తప్పు వాక్యం వచ్చినచోట ఏ డిఫాల్ట్ దానికి కారణమో వెతికి, ముందు దాన్ని మార్చండి.